రెండో చరణంలో మా అవ్వ

మా మనవరాలు వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని, పాట వింటూ ఉల్లిపాయలు తరుగుతోంది. నేను గుమ్మం దగ్గర కూచుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. ఈ కాలం పప్పులో రాళ్ళుండవని దానికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ చేటలో చెయ్యి పెట్టుకుని కూచోకపోతే నాకు పొద్దు గడవదు.

ఒక పాట అయిపోయి ఇంకొకటి మొదలైంది. మొదటి మాటకే నా చెయ్యి చేటలో ఆగిపోయింది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది, రెండో చరణం మొదలైంది. సరిగ్గా ఇక్కడ ఒక కేక పడాలి. ఊపిరి బిగబట్టి చూశాను. కేక పడలేదు. పాట తన దారిన తాను సాఫీగా నడిచి ముగిసిపోయింది.

"పాపా, పాట మధ్యలో ఎవురో కోసేసినారు చూడు" అన్నాను.

"ఏమీ కొయ్యలేదు అమ్మమ్మా. ఫుల్ సాంగే ఇది."

"కాదు. మధ్యలో ఒక కేక ఉండాలి. కుక్కలు కూడా అరవాలి."

అది కత్తిపీట వదిలేసి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక, ఫోన్లో ఇంకేదో వెతికి నా ముందు పెట్టింది. ఈ పాట పాడినామె మీద పిచ్చి అభిమానంతో ఉదయగిరిలో ఎవరో ముసలామె తన ఇంటినే మ్యూజియం చేసేసిందట. చూసిన వాళ్ళెవరో వీడియో తీసి పెట్టారు. రాతి మెట్లు, నీలం రంగు తలుపు, గుమ్మం ముందు కట్టె పొట్టు. ఇల్లు చిన్నదైపోయినట్టు కనపడింది కానీ, ఆ తలుపుని నేను గుర్తుపట్టకపోవడమేమిటి? ఆ తలుపుకి ఎదురుగా ఉన్న అంగట్లోనే నేను పెరిగాను.

"ఆదివారం పోదాం" అన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. మా అవ్వ పోయేదాకా ఒకే ఒక్క విషయం గురించి బాధపడుతూ పోయింది. ఆ విషయంలో ఆ ఇంటామె మనసులో ఏముందో కనుక్కోవాలనిపించింది.

*

మా నాయన ఆత్మకూరులో అంగడి పెట్టకముందు మాది ఉదయగిరి. వెనక కొండ, కొండమీద పాడుబడిన కోట, కింద మా వీధి. మా వరసంతా అంగళ్ళు, ఎదురు వరసంతా చెంచాలు చేసే సాయిబుల ఇళ్ళు. కొండ కట్టె తెచ్చి, కోసి, నానబెట్టి, చెంచాలూ గరిటెలూ దువ్వెనలూ చేసేవాళ్ళు. మగవాళ్ళు రంపం పని, చెక్కుడు పని చేస్తే, ఆడవాళ్ళు ఆకురాయితో రాకి, ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేసేవాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీధంతా గర్రుగర్రుమంటూ ఆకురాళ్ళ చప్పుడే. పచ్చి కట్టె పొట్టు వాసన, మా అంగట్లో బెల్లం వాసన, మధ్యాహ్నమయ్యేసరికి రెండిళ్ళలోనూ తాలింపు వాసన. ఈ మూడూ కలిసి ఎప్పుడైనా తగిలితే నాకిప్పటికీ ఆకలేస్తుంది.

ఎదురింటామెను ఆమె అక్క పిల్లలు ఖాలా అనేవాళ్ళు. వాళ్ళని చూసి వీధిలో పిల్లలమంతా ఖాలా అనే పిలిచేవాళ్ళం. ఆమె మొగుడు బద్వేలు రోడ్డు మీద లారీ తోలేవాడు. ఆమె కూతురూ నేనూ ఈడువాళ్ళం. సీతాఫలాల కాలంలో ఇద్దరం కొండ కింద అమ్మేవాళ్ళ గంపల చుట్టూ తిరిగి, చితికిపోయిన కాయలన్నీ ఏరుకొచ్చి, వాళ్ళ అరుగు మీద కూచుని తిని, గింజలతో ఒకరినొకరు కొట్టుకునేవాళ్ళం. పండగకి ఖాలా చేసిన సేమియా మా అవ్వ ముట్టేది కాదు. నన్ను మాత్రం, "పో, పొయ్యి తినేసి మూతి తుడుచుకుని రా, నేను చూళ్ళేదులే" అని పంపించేది. గిన్నె నిండా తిని వచ్చాక, ఏలకులు వేసిందా, జీడిపప్పు వేసిందా, పాలు చిక్కగా ఉన్నాయా అని గుచ్చి గుచ్చి అడిగేది. మా అవ్వ ఆ సేమియాని నా నోటితోనే తినేదని నాకనిపిస్తుంది.

ఖాలాకి పాటల పిచ్చి. అందరికీ ఉండే పిచ్చయితే ఎవరూ పట్టించుకోరు. ఈమెది ఒకే ఒక గాయని మీద. ఆమెకి పెద్ద పేరేమీ లేదు. కొన్నేళ్ళు పాడి, పెళ్ళి చేసుకుని మానేసిందని చెప్పుకునేవాళ్ళు. "లోకమంతా మెచ్చినామె ఉండగా, నువ్వేంది, ఎవురికీ తెలీనామెను పట్టుకున్నావు" అని మా అవ్వ ఎగతాళి చేసేది.

దానికి ఖాలా ఆకురాయి ఆపకుండానే జవాబు చెప్పేది. "ఈమె పాడతా పాడతా ఊపిరి తీసుకుంటాది పెద్దమ్మా. మిగతావాళ్ళు దాచిపెడతారు, ఈమెది వినపడతాది. పని చేసేవాళ్ళు పాడినట్టుంటాది."

"ఊపిరి నేనూ తీసుకుంటా ఉండా. నా ఫోటో పెట్టుకో" అనేది మా అవ్వ.

అలా అంటూనే ఆ పిచ్చిని పెంచి పోషించింది కూడా మా అవ్వే. అంగట్లో పొట్లాలు కట్టడానికి పాత వారపత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. కట్ట విప్పగానే మా అవ్వ ఖాలాకి కబురు పెట్టేది. ఖాలా వచ్చి, పొట్టు దులుపుకుని, ఒక్కో పేజీ తిరగేసి, ఆ గాయని బొమ్మ ఉంటే చించుకునేది. ఒక్కోసారి ఆలస్యమై, ఆమె బొమ్మలో అప్పటికే శనగపప్పు కట్టేసి ఉండేది. అలాంటప్పుడు మా అవ్వ పొట్లం విప్పి, పప్పు వేరే కాగితంలో పోసి, కొన్నవాళ్ళని ఇంకాసేపు నిలబెట్టి, ఆ కాగితం మడతలు సాపు చేసి ఇచ్చేది. ఖాలా ఇంటి గోడ మీద ఆమె బొమ్మలన్నిటికీ పొట్లం మడతలే. ఒకదానికి చెంప మీద బెల్లం మరక.

ఖాలా తమ్ముడు కువైట్ పోయి, వస్తూ ఒక టేప్ రికార్డర్ తెచ్చాడు. అందులో రేడియో లేదు. అందుకని ఖాలా చెక్కపీట మీద రేడియో, దాని ముందు టేప్ రికార్డర్, రెండూ ఎదురెదురుగా పెట్టి, ఆ గాయని పాట వస్తే బొత్తాలు రెండూ కలిపి నొక్కేది. మధ్యలో ఎవరు తుమ్మినా అదీ టేపులో పడేది. ఆ విధంగా మా వీధికి ఒక అలవాటొచ్చింది. రేడియోలో ఆమె పేరు చెప్పగానే ఖాలా కూతురు గుమ్మంలోకొచ్చి చెయ్యి పైకెత్తేది. అంతే, ఆకురాళ్ళు ఆగిపోయేవి. రోలు ఆగిపోయేది. మా నాయన తూకం రాళ్ళు తక్కెట్లో పడకుండా చేత్తో పట్టుకుని నిలబడేవాడు. మలుపులో బారుగా హారన్ కొట్టే సీతారామపురం బస్సు డ్రైవరు కూడా, చెయ్యి ఎత్తి ఉందేమో చూసి కొట్టడం నేర్చుకున్నాడు. మా పిల్లకాయలకి అప్పుడే నవ్వొచ్చేది. ఒకరి మొహం ఒకరు చూడకూడదని గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళం. అయినా ఎవరో ఒకరి ముక్కులోంచి బుస్సుమని వచ్చేది.

ఇంకో అలవాటు ఖాలాది సొంతం. పాట మొదలైనప్పుడు చేతిలో ఏ చెంచా ఉందో, దాన్ని అక్కడికక్కడ కింద పెట్టేసేది. పాట అయ్యాక మళ్ళీ దాని మీద ఆకురాయి వెయ్యదు. సగం రాకినది సగంలోనే, కాడ రాకనిది రాకనట్టే, దారం కట్టి గోడకి తగిలించేది. "ఇది పాట విన్నాది, అమ్మబుద్ధి కాదు" అనేది. ఆమె మొగుడు లారీ దిగి ఇంటికొస్తే, గోడ మీద చెంచాలు చూసి, ఊళ్ళో లేనప్పుడు ఏ పాటలొచ్చాయో అడిగేవాడు.

ఇన్ని పాటలు పట్టినా, ఖాలాకి కావలసిన పాట ఒక్కటి దొరకలేదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఆత్మకూరు తీసుకెళ్ళి టెంటు హాల్లో ఒక సినిమా చూపించాడు. ఆయన నిద్రపోయాడు. ఆ నిద్ర భుజం మీద మోస్తూ ఈమె ఆ పాట విన్నది. ఆ సినిమా మళ్ళీ ఎక్కడా ఆడలేదు, ఆ పాట రేడియోలో వచ్చింది లేదు. కార్డులు రాయించి రేడియోకి పంపేది. ఆ పాట ఎలా ఉంటుందో అంటూ పల్లవి కూనిరాగం తీసేది. అలా వినీ వినీ, రాకముందే వీధిలో అందరికీ ఆ పాట వచ్చేసింది. మా అవ్వ పొట్లాలు కడుతూ తప్పు రాగంలో అదే పాడేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది వచ్చింది.

ఖాలా కూతురు చెయ్యెత్తడం కాదు, రెండు చేతులూ ఎత్తి ఎగిరింది. వీధి మొత్తం ఆగిపోయింది. నేను అంగడి మెట్టు మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను, ఒలిచిన గింజ నోట్లో వేసుకుని నమలకుండా కూచున్నాను. రేడియోలో ఆమె గొంతు. మధ్యలో, ఖాలా చెప్పినట్టే, ఊపిరి తీసుకోవడం వినపడింది. ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూచుని ఉంది. అంత ఆనందంగా ఉన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

రెండో చరణం మొదలవుతుండగా వీధి మొదట్లోకి సైకిలు మీద ఉప్పమ్మే అబ్బి వచ్చాడు. ఊరికి కొత్తవాడు, పాపం, ఎత్తిన చెయ్యి అర్థం వాడికేం తెలుసు. సైకిలు ఆపి, "ఉప్పో" అని అరవడానికి ఛాతీ నిండా గాలి పీల్చాడు. అంగట్లో ఎత్తు పీట మీద కూచున్న మా అవ్వకి అది కనపడింది. వాడు నోరు తెరిచేలోగా ఆపాలనుకుంది.

"నోరు తెరవబాక రేయ్! బిడ్డ పాట పట్టుకుంటా ఉండాది!"

మా అవ్వ గొంతంటే కొండ మీద మేకలు కూడా తలెత్తి చూసేవి. ఆ కేకకి నాలుగు కుక్కలు లేచి అరిచాయి. ఉప్పబ్బి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. వాడి నోట్లోంచి చప్పుడన్నది రానే లేదు. ఆ మధ్యాహ్నం వీధిలో చప్పుడు చేసింది ఒక్క మా అవ్వే.

పాట అయిపోయింది. ఎవరూ ఆకురాయి మళ్ళీ తియ్యలేదు. ఖాలా క్యాసెట్ బయటికి తీసి, కొంగుతో తుడిచి, ట్రంకుపెట్టెలో పెట్టింది. ఆమె ఏమైనా అని ఉంటే మా అవ్వ రెండు తిరిగి అని ఉండేది, అక్కడితో పోయేది.

"నేను చేసిన తప్పేంది? వాడు అరవబోతా ఉంటే ఆపినాను" అని మా అవ్వ మొదట అందరి దగ్గరా వాదించింది. తర్వాత వాదించడం మానేసింది. ఖాలా కొన్నాళ్ళు అంగడికి తను రాకుండా కూతుర్ని పంపింది. తర్వాత ఎప్పటిలా వచ్చింది, ఎప్పటిలా మాట్లాడింది. ఆ పాట ఊసు మాత్రం ఎత్తలేదు. మా అవ్వ అడగలేదు. తప్పయిందని ఒప్పుకునే అలవాటు మా అవ్వకి పుట్టుకతోనే లేదు. దానికి బదులు రేడియో కొనిపించి అంగట్లో పెట్టించింది. కొనేవాళ్ళు పప్పు అడిగితే, "ఉండండబ్బా, ఆమె పేరు చెప్తారేమో" అని చెవి అటే పెట్టేది. పత్రికల కట్టలు తనే విప్పి బొమ్మలు వెతికేది. చదువు రాదు, పెద్ద బొట్టు చూసి గుర్తుపట్టేది. ఒకసారి పెద్ద బొట్టు పెట్టుకున్న ఇంకెవరో ఆమె బొమ్మ చించి నా చేత పంపింది. ఖాలా చూసి, కాసేపు ఆలోచించి, దాన్నీ తీసుకుంది.

పాట మళ్ళీ రాలేదు. మేం ఆత్మకూరు వచ్చేశాం. ఇక్కడికొచ్చాక కూడా, ఉదయగిరి నుంచి బస్సు దిగి అంగడికొచ్చిన వాళ్ళెవరైనా సరే, మా అవ్వ ముందు అడిగేది ఒకటే. "ఆ పాట మళ్ళా వచ్చిందంటనా?" వాళ్ళకి ఏ పాటో తెలియదు. మంచంలో పడ్డాక నన్నే అడిగేది. వచ్చిందని చెప్పొచ్చు కదా అని మా అమ్మ నాతో అంది. నాకు నోరు రాలేదు.

*

ఆదివారం నేనూ మనవరాలూ బస్సు దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. వీధిలో ఆకురాళ్ళ చప్పుడు ఉంది, మునుపంత లేదు. మా అంగడి ఉన్న చోట సెల్ ఫోన్ల రిపేరు షాపుంది. నీలం తలుపు తెరిచే ఉంది.

ఖాలా కూతురు నన్ను ముందు గుర్తుపట్టలేదు. పట్టాక మాత్రం, "ఏమే, సీతాఫలం గింజలతో కొట్టి పారిపోయినావు, ఇప్పుడా వచ్చేది" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. గది గదంతా పాటే. ఆ పాత రేడియో, పీట, కువైట్ టేప్ రికార్డర్, అద్దాల బీరువాలో క్యాసెట్లు. ఒక్కో క్యాసెట్ పైన దారానికి ఒక్కో సగం చెంచా వేలాడుతోంది. ఎక్కడెక్కడి వాళ్ళో రికార్డులూ సినిమా పోస్టర్లూ తెచ్చి ఇచ్చిపోతున్నారట. గోడ మీద పొట్లం మడతల బొమ్మలు అలాగే ఉన్నాయి. వాటి మధ్యలో, ఫ్రేము కట్టించి, పెద్ద బొట్టు పెట్టుకున్న ఆ ఇంకెవరో ఆమె కూడా ఉంది. నాకు అక్కడే కళ్ళు చెమర్చాయి.

ఖాలా కిటికీ దగ్గర కూచుని చెంచా రాకుతోంది. బాగా ముసలిదైపోయింది. కూతురు చెవి దగ్గర గట్టిగా చెప్తే తలెత్తి చూసింది.

"శెట్టెమ్మ మనవరాలివా? నువ్వూ ముసల్దానివైపోతివే" అంది. తర్వాత వెంటనే, "మీ అవ్వ పాట వింటావా?" అని అడిగింది.

నాకర్థం కాలేదు. కూతురు బీరువా నడిమధ్యలోంచి ఒక క్యాసెట్ తీసింది. దాని పైన వేలాడుతున్న చెంచాకి గుంట తప్ప ఏమీ పడలేదు, కాడ ఇంకా కట్టెముక్కే. "వచ్చినోళ్ళందరికీ మా యమ్మ ముందు ఇదే వినిపిస్తాది" అంది కూతురు. "నెల్లూరు నుంచి ఒకాయన వచ్చి, కంప్యూటర్లో పెట్టి గోలంతా తీసేస్తాను, పాటొక్కటే మిగులుస్తాను అన్నాడు. మా యమ్మ టేపు చేతికియ్యలా."

"పాట ఇప్పుడు ఫోను నొక్కితే వస్తాది కదా" అంది ఖాలా. "మీ అవ్వ కేక యాడ నొక్కితే వస్తాది?"

అడగాలనుకున్నది ఆమె చెవి దగ్గరికి వంగి అడిగేశాను. "ఖాలా, నీకు కోపం లేదా? మా అవ్వ పోయేదాకా అదే బాధపడింది."

ఆమె ఆకురాయి పక్కన పెట్టింది. "కోపమొచ్చినాది. ఎందుకు రాదు. ఆ వారమంతా అన్నం సయించలా. మీరు ఊరు ఇడిచిపోయినాక, ఒకనాడు ఊసుపోక టేపు పెట్టినాను. మీ అవ్వ అరిచినాది. పలికేదానికని నేను గుమ్మం దాకా పొయ్యినాను. మీ అంగడికి తాళమేసి ఉండాది. అప్పుడు ఏడిచినాను, పాట కోసరం కాదు." కొంచెం ఆగి, "ఆత్మకూరు వచ్చి చెప్పాల్సింది మీ అవ్వకి. ఎప్పుడూ ఈ చెంచాల పనే" అంది.

మనవరాలు తన ఫోనుకి ఎక్కించుకుంటానని టేప్ రికార్డర్ పక్కన ఫోను పెట్టింది. కూతురు బొత్తాం నొక్కింది. ఖాలా, చెవులు సరిగా వినపడకపోయినా, చెయ్యి పైకెత్తింది. ముందు సన్నని గరగర, తర్వాత పాట. వెనక ఎక్కడో ఒక గేదె, ఒక పిల్ల ముక్కులోంచి బుస్సుమన్న నవ్వు. అది నీదంటే నీదని నేనూ ఖాలా కూతురూ ఒకరివైపు ఒకరం వేలు చూపించుకున్నాం. మొదటి చరణం అయింది. గాయని ఊపిరి తీసుకుంది.

అప్పుడే గుమ్మంలోకి మ్యూజియం చూడ్డానికి ఎవరో కుటుంబం వచ్చింది. ముందున్నాయన చెప్పులు విప్పుతూ, ఎవరండీ లోపల అన్నట్టు నోరు తెరవబోయాడు. నేను చూశాను. తర్వాత జరిగింది నా చేతిలో లేదు.

"మాట్లాడబాకండయ్యా! మా అవ్వ వస్తా ఉండాది!"

నా కేక అయ్యీ కాకముందే టేపులోంచి మా అవ్వ కేక పడింది. దాని వెనకే నాలుగు కుక్కలు. గుమ్మంలో ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడిపోయాడు. ఖాలాకి నా గొంతు వినపడిందట. పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మనవరాలు, మంచి రికార్డింగు పాడుచేశానని నా మీద అలిగింది. ఆత్మకూరు వచ్చేలోపు దాన్నే నాలుగైదుసార్లు విన్నది. ఇప్పుడు మా వంటింట్లో ఆ పాట వస్తే, పప్పు చేట పక్కన పెట్టి నేను రెండో చరణం కోసం కాచుకుంటాను. ఫోన్లో ముందు నేను అరుస్తాను, తర్వాత మా అవ్వ అరుస్తుంది. పాట మళ్ళీ వచ్చింది అవ్వా అని అప్పుడు చెప్తాను.